విత్తనం తప్పా, నేల తప్పా?

పోయిన వానాకాలం నర్సంపేట నుంచి పాకాల మీదుగా కొత్తగూడకి బండి మీద వెళ్తూ ఒక విషయం గమనించాను. ఊళ్ల దగ్గర రోడ్డుకి రెండు వైపులా వయ్యారిభామ నడుమెత్తున తెల్లగా పూసి ఉంది. అడవి చిక్కబడిన చోట మాయమైంది. మట్టి తవ్విపోసిన చోట మళ్లీ ప్రత్యక్షం. అంటే నీడలో లేదు, గీకి వదిలేసిన నేల మీద ఉంది.

దీన్ని కాంగ్రెస్ గడ్డి అంటాం గానీ ఇది గడ్డి కాదు. చామంతి, పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందిన పార్థీనియం. పుట్టిల్లు మెక్సికో అఖాతం చుట్టుపక్కల. రెండేళ్ల కింద ఆఫీసు క్యాంటీన్‌లో ఈ పేరు ఇంకో రకంగా విన్నాను. పక్కన కడుతున్న టవర్లలో పనిచేసే ఒడిశా, బీహార్ కూలీల గురించి ఒకతను "పార్థీనియంలా పాకిపోతున్నారు" అన్నాడు. అందరం నవ్వాం. పొట్ట చేతబట్టుకుని హైదరాబాద్ వచ్చిన నేను కూడా నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ గుచ్చుతోంది.

ఆ జోకు వెనక ఒక లెక్క ఉంది: బయట నుంచి వచ్చింది, వ్యాపించింది, కాబట్టి దోషి. కొత్తగూడలో మా చిన్నమ్మ వాళ్ల చేను గట్టు మీద నిలబడితే ఆ లెక్క తప్పుతుంది. చేన్లో ఉన్న పత్తి మెక్సికో ప్రాంతపు జాతి. పక్క మడిలో మక్కజొన్న, మిరప కూడా అటువైపువే. మిరప లేని వరంగల్‌ని ఊహించగలమా? ఇక గునుగుని ఇక్కడిదే అనుకుంటాం, అయినా చేన్లో మొలిస్తే కలుపు, బతుకమ్మలో పేరిస్తే పువ్వు. పుట్టిన చోటు నేరాన్ని తేల్చదు.

రాకకీ వ్యాప్తికీ మధ్య కూడా చాలా దూరం ఉంది. దీన్ని పూణె దగ్గర 1955లో గుర్తించారు. అమెరికా గోధుమలతో వచ్చిందని అందరం చెప్పుకుంటాం. కానీ 1814లో అచ్చయిన కలకత్తా తోట మొక్కల జాబితాలోనే దీని పేరుందని వృక్షశాస్త్రజ్ఞులు తర్వాత చూపించారు. విత్తనం రావడం ఒక్కటే చాలదు, దానికి తగిన నేల దొరకాలి. ఒక్క మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది. అవి మట్టిలో ఏళ్ల తరబడి ఓపిగ్గా ఉంటాయి. తడి తగిలితే ఏ నెలలోనైనా మొలుస్తాయి, నెలా నెలన్నరలో పూతకొస్తాయి. చెల్క, రేగడి అన్న పట్టింపు పెద్దగా లేదు. మంచు గడ్డకట్టే చలి దీనికి పడదు, అది మనకి లేదు. నిండా గడ్డీ చెట్లూ ఉన్న చోట చతికిలపడుతుంది. రోడ్డంచు, కాలవ గట్టు, అమ్ముడవ్వని ప్లాట్లు, అతిగా మేపేసిన బీడు మాత్రం దానికి మనం పరిచిన చాప.

ఇక్కడిదాకా వచ్చి నేను సంబరపడ్డాను: తప్పు మొక్కది కాదు, నేలని చెదరగొట్టిన మనదే! ఇదే మాట చిన్నమ్మతో అన్నాను. ఆమె తన ముంజేతులు చూపించింది. పీకీ పీకీ చర్మం నల్లబడి పగిలింది. "అది ఏడికెల్లి వచ్చిందో నాకెందుకు బిడ్డా, రాత్రంత దురద పెడ్తది. బర్రె తింటే పాలు చేదైతయి."

నా వాదంలో ఆ చేతులకి చోటు లేదు. మొక్కకి ఉద్దేశం లేదన్నది నిజం, గాయం ఉందన్నదీ నిజమే. నేల చెదిరిన లాభం ప్లాటు కొన్నవాళ్లకి పోయింది, రోడ్డు మీద తొందరగా వెళ్లే నాలాంటి వాళ్లకి పోయింది. దురద మాత్రం ఆమెకి మిగిలింది. కాబట్టి అడగాల్సింది "ఎక్కడిది?" అని కాదు. ఏం చేస్తోంది, ఎవరికి చేస్తోంది, నేలని ఎవరు ఖాళీ చేశారు అని.

ఈ ప్రశ్నలు వేస్తే క్యాంటీన్ పోలిక నిలబడదు. టవర్లు కట్టేది కూలీలు, వాళ్లని పిలిచింది మనం. అక్కడ చర్మం పగిలింది కూడా వాళ్లదే. పైగా మొక్కని పీకేయొచ్చు అనుకుంటాం. మనిషిని మొక్కతో పోల్చగానే ఆ 'పీకేయొచ్చు' కూడా చప్పుడు లేకుండా వెంట వస్తుంది.

1984లో బెంగళూరు దగ్గర ఈ మొక్కని తినే పురుగుని కూడా మెక్సికో నుంచే తెచ్చి వదిలారు. వానల్లో బాగా తింటుంది, ఎండాకాలం మట్టిలోకి వెళ్లి పడుకుంటుంది. మొక్క పూర్తిగా పోలేదు. బయట నుంచి వచ్చిన దాని మీదికి బయట నుంచి తెచ్చిన సాయం, అదీ మన వాన లెక్క ప్రకారమే.

ఈ జులైలో చేతి తొడుగులు కొనుక్కుని వెళ్లాను. పూతకి రాకముందు, తడి నేలలో అయితే వేరుతో సహా వస్తుంది. ఒక పూటంతా చిన్నమ్మ, నేను గట్టు శుభ్రం చేశాం. ఖాళీ అయిన చోట ఏం మొలిపించాలన్నది ఆమె అడిగిన ప్రశ్న. తగిరిస చల్లుదామనుకున్నాం. అది గుబురుగా పెరిగితే దీన్ని లేవనివ్వదు.

క్యాంటీన్ మిత్రుడికి మాత్రం నేనింకా జవాబు చెప్పలేదు.