ముట్టుకునే ముందు అడుగు, బిడ్డా

బిడ్డా,

నువ్వు మహమ్మద్‌నగర్‌లో పార్లర్ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పినప్పటి నుంచి నా మనసంతా నీ దగ్గరే ఉంది. మంచి ఆలోచన చేశావు. నిన్నమొన్నటి దాకా నిజాంసాగర్ మండలంలో ఒక ఊరు, ఇప్పుడు అదే మండల కేంద్రం. ఆఫీసులకు జనం వస్తారు, ఐబ్రోస్ కోసం ఆడపిల్లలు బాన్సువాడకో ఎల్లారెడ్డికో బస్సెక్కే బాధ తప్పుతుంది. కుర్చీలు ఏ షాపులో కొనాలి, స్టీమర్ ఏ కంపెనీది మంచిది అని అడిగావు. అవి ఎక్కడ కొన్నా నడుస్తాయి. నువ్వు అడగని మాట ఒకటుంది, దానికోసమే ఈ ఉత్తరం. మొటిమలున్న ముఖం నీ కుర్చీలో వెనక్కి వాలినప్పుడు నీ చేతులు ఏం చేయాలి, ఏం చేయకుండా ఆగాలి?

బాన్సువాడలో నేను పార్లర్ తెరిచిన రెండో ఏడు, మాఘమాసం. ఒక తల్లి తన బిడ్డను వెంటపెట్టుకొని వచ్చింది. "అక్కా, నాలుగు రోజులల్ల పెండ్లి ఉన్నది, ఈ మొటిమలు కనవడకుంట ఏదన్న చెయ్యి" అంది. పిల్ల రెండు బుగ్గల మీద ఎర్రటి మొటిమలు, కొన్నింటికి చీము తలకట్టింది. మూడు నెలల ట్రైనింగ్‌లో నేను నేర్చుకున్న ఫేషియల్ ఒకటే: క్లెన్సింగ్, స్క్రబ్, ఆవిరి, ఇరవై నిమిషాల మర్దన, ప్యాక్. అదే చేశాను, శ్రద్ధగా చేశాను, గట్టిగా రుద్దాను. ఆ సాయంత్రం ముఖం మెరిసింది, తల్లి సంతోషంగా పైసలిచ్చి వెళ్ళింది. నాలుగో రోజు పెండ్లికూతురి అలంకరణకు వాళ్ళింటికి పోతే బుగ్గలు ఉబ్బి ఉన్నాయి, చేయి పెడితే కాలుతున్నాయి. మందంగా ఫౌండేషన్ పూసి కప్పాను. తలంబ్రాలప్పుడు కూడా ఆ పిల్ల తల ఎత్తలేదు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

తప్పెక్కడ జరిగిందో నాకు అర్థం కావడానికి చాలా ఏండ్లు పట్టింది. మొటిమ చర్మం పైన పుట్టదు. వెంట్రుక మొలిచే సన్నటి గొట్టం పక్కన నూనె గ్రంథి ఉంటుంది. ఈడొచ్చే వయసులో హార్మోన్ల వల్ల అది నూనె ఎక్కువ వదులుతుంది, గొట్టం మూతి దగ్గర చచ్చిన చర్మకణాలు అతుక్కొని మూసుకుపోతుంది, లోపల మామూలుగానే ఉండే సూక్ష్మజీవులు ఆ నూనెలో పెరుగుతాయి, అప్పుడు వాపు. అట్లా ఉబ్బిన గొట్టం గోడ ఎంత పలచగా ఉంటుందో ఊహించుకో. మనం బొటనవేళ్ళతో మర్దన చేస్తే అది లోపలికే పగులుతుంది. బయటికి రావాల్సిన చీము చుట్టుపక్కల చర్మంలోకి చిమ్ముతుంది. గడ్డ కడుతుంది, మానినా మచ్చో గుంటో మిగులుతుంది. దానికి తోడు ఫేషియల్ క్రీముల్లో ఉండే జిడ్డు కొత్త గొట్టాలను మూస్తుంది. ఢిల్లీ ఎయిమ్స్ చర్మవైద్యులు ఫేషియల్ తర్వాత వచ్చే మొటిమల గురించి 1999లోనే రాశారు. అవి ఆ రోజే రావు, కొన్ని వారాలకు లోతైన గడ్డల్లాగా లేస్తాయి. అందుకే వచ్చిన వాళ్ళు మన మీద అనుమానపడరు, మనమూ మన చేతిని అనుమానించం. నెల తర్వాత మళ్ళీ అదే ఫేషియల్ చేస్తాం.

కాబట్టి మొదటి సంగతి, మొటిమల ముఖానికి మర్దన లేదు. స్క్రబ్ లేదు. బ్లీచ్ అసలే లేదు, అందులో ఉండే అమ్మోనియా, పెరాక్సైడ్ పుండు మీద కారం చల్లినట్టే. గోల్డ్, డైమండ్, ఫ్రూట్ అని రంగురంగుల డబ్బాలు అమ్మేవాళ్ళు వస్తారు, పది కొంటే రెండు ఫ్రీ అంటారు. వాటికి నీ అల్మారాలో చోటివ్వకు.

ఇక చేతులు కడుక్కున్నాక కూడా ముఖం ముట్టుకోకు. ముందు అడుగు. "రాత్రి పండుకునేటప్పుడు ముఖానికి ఏం పెడుతున్నవు తల్లీ?" మన దగ్గర ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబుతోనే సగం సంగతి తెలిసిపోతుంది. మెడికల్ షాపు అబ్బాయి ఇచ్చిన ట్యూబు అంటారు. పక్కింటి వదిన వాడుతున్నది అంటారు. ఆ ట్యూబు తెమ్మను. సన్న అక్షరాల్లో బీటామెథాసోన్, క్లోబెటసాల్, మొమెటాసోన్ అని ఏదైనా కనిపిస్తే అది స్టెరాయిడ్. పూసిన పది పదిహేను రోజులు ముఖం తెల్లగా, నున్నగా అవుతుంది, ఊరంతా మెచ్చుకుంటారు. తర్వాత చర్మం ఉల్లిపొరలా పలచబడుతుంది, ఎర్రటి నరాలు తేలుతాయి, బుగ్గల మీద నూగు లేస్తుంది, మొటిమలు గుంపులుగా వస్తాయి. మానేస్తే మంట, పూస్తే మళ్ళీ హాయి. అట్లా ఏండ్ల తరబడి దానికి బానిసలవుతారు. 2011లో అచ్చయిన ఒక అధ్యయనంలో మన దేశంలోని 12 కేంద్రాల చర్మవైద్యులు కలిసి ముఖం జబ్బులతో వచ్చిన 2926 మందిని అడిగితే 433 మంది ఇట్లాంటి స్టెరాయిడ్ పూస్తున్నారని తేలింది. వాళ్ళలో సగానికి మించి డాక్టరు చెప్పకుండానే మొదలుపెట్టినవాళ్ళు. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని చేసింది. అయినా మన ఊళ్ళలో అడిగితే దొరుకుతూనే ఉన్నాయి.

అట్లాంటి పిల్ల వస్తే నువ్వు ఏమీ చేయకు, ట్యూబు పారేయమని కూడా చెప్పకు. ఉన్నపళంగా ఆపితే ముఖం మండిపోతుంది, ఎట్లా తగ్గించుకుంటూ రావాలో డాక్టరే చెప్పాలి. కామారెడ్డిలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది, నిజామాబాద్‌లో అంతకుముందు నుంచే ఉంది. బస్సు చార్జీ పెట్టుకొని పోతే చర్మం డాక్టరు చూస్తారు. ఆ మాట చెప్పి పంపడమే ఆ రోజు నువ్వు చేసే ట్రీట్‌మెంట్.

గల్ఫ్ నుంచి అన్నలు, భర్తలు తెచ్చే డబ్బాల గురించి కూడా చెప్పాలి. మన జిల్లాలో దుబాయికో సౌదీకో మనిషి పోని వాడ తక్కువ. ప్రేమగా తెస్తారు. కానీ డబ్బా మీద ఏం కలిపారో రాసి లేకపోతే, వారంలో తెల్లగా చేస్తామని ఉంటే, దాంట్లో పాదరసం ఉండొచ్చు. కేరళలో మలప్పురం జిల్లా కొట్టక్కల్ డాక్టర్లు ఇట్లాంటి తెల్లబరిచే క్రీములు పూసినవాళ్ళకు మూత్రపిండాలు దెబ్బతినడం చూశారు. ముఖానికి పూసింది ముఖం మీదే ఆగదు బిడ్డా.

రెండో ప్రశ్న, మొటిమలకు మాత్రలు వేసుకుంటున్నారా? ఐసోట్రెటినాయిన్ అనే మాత్ర వాడుతుంటే ఆ ముఖానికి వ్యాక్సింగ్ చేయకు, చర్మం పట్టీతో పాటు లేచివస్తుంది. అడపలీన్, ట్రెటినాయిన్ రాసుకునేవాళ్ళకు కూడా అంతే. ఇంకొకటి, ఈ మాత్ర వేసుకునేటప్పుడు గర్భం రాకూడదు, ఆపాక కూడా ఒక నెల ఆగాలి, లేకపోతే కడుపులో బిడ్డకు అవయవలోపాలు రావచ్చు. పెండ్లి కుదిరిన పిల్ల మొటిమలు పోవాలని ఈ మాత్ర మొదలుపెట్టి, ఈ మాట ఎవరూ చెప్పక పెండ్లిపీటల మీదికి పోయే ప్రమాదం ఉంది. తల్లిని కాసేపు బయట కూర్చోబెట్టి, పిల్లతో మెల్లగా చెప్పి, డాక్టరును కలవమను.

మూడోది నెలసరి. గదువ మీద, దవడ అంచున గట్టి మొటిమలు, పైపెదవి మీద ముదురు వెంట్రుకలు, రెండు మూడు నెలలకోసారి నెలసరి అంటే అది పార్లర్ పని కాదు. లేడీ డాక్టరుకు చూపించుకోమను. అంతే, ఎక్కువ మాట్లాడి భయపెట్టకు.

మరి మన చేతిలో ఏముంది అంటావా? ఉంది. నురుగు తక్కువ వచ్చే మెత్తటి ఫేస్‌వాష్‌తో, వేళ్ళ కొసలతో కడగడం. రెండు మూడు నిమిషాలు దూరం నుంచి ఆవిరి, అదీ ఎర్రవాపు లేని ముఖానికే. ముక్కు మీద, గదువ మీద తెరిచి ఉన్న బ్లాక్‌హెడ్స్ తీయడం. ఆ నలుపు మురికి కాదు, గాలి తగిలి రంగు మారిందంతే, కాబట్టి "మంచిగ కడుక్కోవా?" అని ఎవరినీ అనకు. ఎర్రగా ఉన్నదాన్ని, చీమున్నదాన్ని ఎంత బతిమాలినా నొక్కకు, ముక్కుకూ పెదవికీ మధ్యది అసలే నొక్కకు. చివర జిడ్డు లేని చల్లటి ప్యాక్, తేలికైన మాయిశ్చరైజర్, ఎండలోకి పోయేముందు సన్‌స్క్రీన్. మన రంగు చర్మానికి మొటిమ కంటే అది వదిలిపోయే నల్లమచ్చ ఎక్కువ రోజులుంటుంది, ఎండ దాన్ని ఇంకా ముదురు చేస్తుంది. నాట్లకు పోయే పిల్లలకు ఇది మరీ చెప్పాలి.

ఆన్‌లైన్‌లో సాలిసిలిక్ ముప్పై శాతం పీల్ సీసాలు దొరుకుతున్నాయని మొన్న చూపించావు. ఫేస్‌వాష్‌లో ఒకటి రెండు శాతం ఉండే సాలిసిలిక్ వేరు, అది వేరు. ఒక్క నిమిషం ఎక్కువ ఉంచితే ముఖం కాలుతుంది. డాక్టరు చేయాల్సిన పని అది. ముళ్ళ రోలర్ కూడా కొనకు, మొటిమల మీద దొర్లిస్తే చీమును ముఖమంతా నాటినట్టే, రక్తంతో వచ్చే జబ్బులూ ఉన్నాయి. హైదరాబాద్ స్పాల్లో ముఖాన్ని నీళ్ళతో కడుగుతూ పీల్చే మెషిన్లు వచ్చాయి. వాటితో పైపైన శుభ్రమవుతుంది, నాలుగు రోజులు మెరుపుంటుంది, నూనె గ్రంథి మాత్రం మారదు. అప్పు చేసి కొనాల్సిన అవసరం నీకు లేదు.

శుభ్రత దగ్గర మాత్రం నేను చాదస్తంగానే ఉంటాను. ఒక్కొక్కరికి ఒక్కొక్క టవల్, ఒక్కొక్క హెయిర్‌బ్యాండ్. డబ్బాలో వేలు పెట్టకు, చెంచాతో తీసి గిన్నెలో వేసుకో. థ్రెడింగ్ దారం పళ్ళ మధ్య పట్టుకోవడం మా కాలంలో అందరికీ అలవాటే. మన ఎంగిలి తగిలిన దారం ఇంకొకరి చర్మాన్ని గీరుతుంది కదా! మెడకు కట్టుకొని చేయడం నేర్చుకో, పది రోజులు నొప్పి, తర్వాత అలవాటవుతుంది.

వచ్చిన పిల్లలకు ఇంటి సంగతులు కూడా నాలుగు చెప్పు. తలకు నూనె బాగా పట్టించి పండుకుంటే నుదుటి మీద మొటిమలు వస్తాయి, స్నానానికి ముందు పెట్టుకొని కడిగేయమను. స్కూటీ మీద దుమ్ముకు ముఖానికి చుట్టుకునే చున్నీ రోజూ ఉతకమను. పసుపు మన నిజామాబాద్ బంగారమే, నలుగుకు ఎవరూ వద్దనరు, కానీ దాంట్లో నిమ్మరసం పిండి మొటిమల మీద రాసుకుంటే కాలుతుంది. టూత్‌పేస్ట్, వెల్లుల్లి కూడా అంతే.

పెండ్లి ఉందని వచ్చేవాళ్ళను మూడు నెలల ముందు రమ్మను. ఏ మందైనా పనిచేస్తుందో లేదో తెలియడానికే ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. చివరి రెండు వారాల్లో కొత్తది ఏదీ ముఖానికి తగలనివ్వకు. నాలుగు రోజుల ముందు వస్తే చల్లటి ప్యాక్ వేసి, మేకప్ మంచిగా చేస్తానని మాటిచ్చి పంపు. ఆ తల్లి కోపంతో పక్క పార్లర్‌కు పోతే పోనీ.

తల్లులు బిడ్డ ఎదుటే "ఈ ముఖం చూసి ఎవడు చేసుకుంటడు" అంటారు. ఆ మాట నీ పార్లర్‌లో వినిపించనీయకు. అద్దంలో పిల్ల కళ్ళు చూడు, ఆ క్షణంలో ఎట్లా కిందికి వాలుతాయో. నేను అప్పుడు కుర్చీ అద్దం వైపు నుంచి పక్కకు తిప్పి, చదువేంటో, ఏ ఊరో అడిగేదాన్ని. పదో క్లాసు పిల్ల ఒకతి ఆరు నెలలు బడికి చున్నీ కప్పుకొనే పోయిందని నాతో చెప్పి ఏడ్చింది. డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను. ఇప్పుడు ఆమె కామారెడ్డిలో టీచర్, పండుగకు ఇంటికొచ్చి పోతుంది.

ప్రారంభం రోజు పొద్దున్నే వస్తాను. బ్లాక్‌హెడ్స్ తీసే నా స్టీలు పుల్లలు ఆరు తెస్తున్నా, వాటిని ఇరవై నిమిషాలు ఆవిరి పట్టడానికి నా పాత ప్రెషర్ కుక్కర్ కూడా. అది వంటింట్లోకి పోకుండా చూసుకో. డజను టవళ్ళు నేను కొన్నాను, నువ్వు కొనకు. ముహూర్తం ఎన్నింటికో మీ అమ్మతో చెప్పించు.

మీ పెద్దమ్మ