పలుకుబడి – బాధ్యత

ఒక భాషలోని మాటలన్నింటికీ అర్థం తెలిసినవాడు ఆ భాష తెలిసినవాడేనా? ఇంగ్లీషును చదువు ద్వారా నేర్చుకున్న భారతీయునికి ఏదో ఒకనాడు ఎదురయ్యే ప్రశ్న ఇది. వ్యాకరణం వశమవుతుంది, నిఘంటువు చేతిలో ఉంటుంది; అయినా వాక్యం లొంగదు. పిల్లులూ కుక్కలూ కురుస్తున్నాయంటే కుండపోత వాన అని, బకెట్టును తన్నడమంటే మరణించడమని ఏ వ్యాకరణ సూత్రమూ చెప్పదు.

మన ఆలంకారికులు ఈ సమస్యను ఏనాడో పరిశీలించారు. 'గంగలో గొల్లపల్లె' అన్నప్పుడు ప్రవాహంలో పల్లె ఉండడం అసంభవం కనుక ముఖ్యార్థం బాధితమై, గంగ ఒడ్డు అనే లక్ష్యార్థం స్ఫురిస్తుందని వివరించారు. అటువంటి అర్థానికి రూఢి గాని, ప్రయోజనం గాని ఆధారం కావాలన్నారు. నుడికారాలలో అత్యధికం రూఢిపై నిలిచినవే. రూఢి తర్కానికి అందదు; ఆ సమాజంలో మసలినవారికే అబ్బుతుంది.

అయితే ముఖ్యార్థం పొసగని నుడికారం అంత ప్రమాదకరం కాదు. పొసగకపోవడమే ఒక హెచ్చరిక. శ్రోత ఆగి, అడిగి తెలుసుకుంటాడు. ముఖ్యార్థం చక్కగా పొసగే పలుకుబడే అసలైన చిక్కు. అక్కడ తనకు అర్థం కాలేదన్న సంగతే శ్రోతకు తెలియదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్, అమెరికన్ సైనికాధికారుల మధ్య 'టేబుల్' అన్న క్రియ రేపిన వివాదాన్ని చర్చిల్ తన యుద్ధ స్మృతులలో నమోదు చేశాడు. ఒక పత్రాన్ని 'టేబుల్' చేయడమంటే బ్రిటిష్ వారికి వెంటనే చర్చకు పెట్టడం, అమెరికన్లకు పక్కన పెట్టివేయడం. కోరినది ఒకటే అయినా ఇరుపక్షాలూ చాలాసేపు వాదులాడుకున్నాయి.

1951 ఏప్రిల్‌లో కొరియాలోని ఇమ్జిన్ నది వద్ద ఫలితం ఇంతకంటె విషాదకరం. చైనా సేనలు చుట్టుముట్టిన గ్లాస్టర్‌షైర్ రెజిమెంటు బెటాలియన్ స్థితిని బ్రిటిష్ బ్రిగేడియర్ బ్రాడీ తన పై అమెరికన్ జనరల్‌కు 'కొంచెం చిక్కుగా ఉంది' అనే భావమిచ్చే పలుకుబడితో నివేదించాడని ప్రసిద్ధ కథనం. బ్రిటిష్ మితభాషణలో అది ఘోర విపత్తుకు సంకేతం; అమెరికన్‌కు సాధారణమైన ఇబ్బందిగా తోచింది. ఆ బెటాలియన్‌లో 500 మందికి పైగా బందీలయ్యారు. పరాజయానికి ఇతర కారణాలు లేకపోలేదు. కాని మాట్లాడినవారిద్దరికీ ఇంగ్లీషు మాతృభాషే అన్నది గమనార్హం.

ఈ చిక్కు ఇంగ్లీషుకే పరిమితం కాదు. తెలుగు ఇంట బియ్యం 'నిండుకున్నాయి' అంటే డబ్బా ఖాళీ అయిందని అర్థం. దీపం 'కొండెక్కింది' అంటే ఆరిపోయిందని. అమంగళం పలకరాదన్న సంస్కారం వీటి వెనుక ఉంది. 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించిన సి.పి. బ్రౌన్, 1868లో తెలుగు సామెతల సంకలనాన్ని ప్రకటించిన కెప్టెన్ కార్ పాలకవర్గానికి చెందినవారే అయినా తెలుగు నుడికారం ముందు విద్యార్థులయ్యారు. అయితే పాలకుడు పొరపాటు పలికితే అది ముచ్చట. పాలితుడు పలికితే 'బాబూ ఇంగ్లీషు' అనే పరిహాసం. తప్పు ఒకటే, తీర్పులు రెండు.

తెలుగులో 'పలుకుబడి' అన్న మాటకు మాట తీరు అనే అర్థంతో పాటు ప్రాబల్యమనే అర్థమూ ఉండడం ఇక్కడ ఆలోచింపదగినది. అపార్థం కలిగినప్పుడు బాధ్యత ఎవరిది? తెలియనిది అడగడం శ్రోత ధర్మం, నిజమే. కాని తనకు తెలియలేదన్న ఎరుకే లేనివాడు ఏమని అడుగుతాడు? రూఢి తెలిసినవాడికి, ఎదుటివారికి అది తెలియకపోవచ్చునని ఊహించే అవకాశమైనా ఉంది. కనుక జ్ఞానం ఎవరి వద్ద ఉన్నదో, భారంలో పెద్ద పాలు వారిదే.

అంటే నుడికారాన్ని విడనాడాలని కాదు. కావ్యానికీ, స్నేహ సంభాషణకూ అది ప్రాణం. అక్కడ అపార్థం కలిగితే పోయేది కొంత రసం మాత్రమే. ఉత్తర్వు, వైద్యుని సలహా, న్యాయస్థానపు తీర్పు అటువంటివి కావు. తన కష్టాన్ని కేంద్రంలో గాని, రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నవించుకునే హక్కును రాజ్యాంగం 350వ అధికరణం పౌరునికి ఇచ్చింది. అందుకు వచ్చే జవాబు అతనికి బోధపడకపోతే ఆ హక్కు సగమే నెరవేరినట్లు. భాష ఏదైనా, సూటిగా రాసిన వాక్యం పౌరునికి చేసే దయ కాదు. అతనికి చెల్లించవలసిన బాకీ.