ప్రతిపక్షుల సాక్ష్యము

ఒక మతమును గూర్చి దాని ప్రతిపక్షులు వ్రాసిన మాటలనే విని తీర్పు చెప్పుట ధర్మమగునా? మధ్యయుగమునందలి కాపాలిక, కాలాముఖ శైవుల విషయమున ఈ ప్రశ్న తప్పించుకొనరానిది.

కాపాలికుడనగానే మన మనస్సునకు తోచు రూపము నాటకకర్తలు ఇచ్చినదే. 7వ శతాబ్దమున పల్లవరాజగు మహేంద్రవర్మ ‘మత్తవిలాస’ ప్రహసనమున అతనిని, పోయిన కపాలమును వెదకికొను త్రాగుబోతుగా చూపి నవ్వించెను. తరువాత భవభూతి ‘మాలతీమాధవము’న అఘోరఘంటుని కన్యను బలి యీయబూనిన క్రూరునిగా చిత్రించెను. (ఆ నాటకముననే శ్రీపర్వతముపై కాపాలికవ్రతము పూనిన సౌదామిని పరోపకారిణి. ఆమెను తలచువారు అరుదు.) ఇదంతయు కల్పనయని కొట్టివేయరాదు. కపాలవ్రతమును భైరవతంత్రములే విధించినవి.

కాలాముఖుల మాట వేరు. యామునాచార్యులు ‘ఆగమప్రామాణ్యము’నందును, రామానుజాచార్యులు ‘శ్రీభాష్యము’నందును వీరిని కాపాలికుల సరసనే నిలిపి, వీరు కపాలమున భుజింతురనియు, శవభస్మము పూసికొందురనియు, సురాకుంభమునుంచి పూజింతురనియు వ్రాసిరి. శాసనములు చూపు చిత్రము ఇది కాదు. కర్ణాటకమునందలి బళ్ళిగావెలో కోడియమఠము కాలాముఖులది. బిజ్జలుని కాలమున, 1162లో వెలసిన శాసనము ప్రకారము అచట వేదములు, వ్యాకరణములు, షడ్దర్శనములు, పురాణములు చదివెడివారు. అంధులకు, కుంటివారికి, దిక్కులేనివారికి అన్నము పెట్టెడివారు. రోగులకు వైద్యము జరిగెడిది. భయపడి వచ్చినవారికి అభయము లభించెడిది. దానశాసనము గూడ పొగడ్తయే గదా యని ఎవరైన అడుగవచ్చును. నిజమే. పొగడ్త ఉన్న గుణమును పెంచి చెప్పును. కాని లేని విద్యాపీఠమునకు ఇంత వివరముగా పాఠ్యవిషయములను చెక్కింపదు.

ఆచార్యులు తెలిసి అసత్యమాడిరని నేననను. విన్నది విన్నట్లు వ్రాసియుందురు. అయినను నింద మోసినవానికి ఆ భేదమువలన ఏమి ఊరట?

కాలాముఖ మఠములు పెక్కు తరువాత వీరశైవ మఠములైనవి. కావున వారి పక్షమున మాటాడుట మనకు సులభము, ప్రియము గూడ. కాని అదే తూనికరాయిని మన గ్రంథములయెడ ఉపయోగించుట కష్టము. పాల్కురికి సోమనాథుని ‘బసవపురాణము’న ఏకాంతరామయ్య కథ నున్న జైనులు ఓడిపోవుటకే వచ్చినట్లుందురు. వారి పక్షము వారి నోట మనము వినలేదు. కోడియమఠపు శాసనమును ఎంత ఆదరముతో చదివితిమో, శ్రవణబెళగొళ శాసనములను అంత ఆదరముతో చదువుటకు మనలో ఎందరు సిద్ధముగా నున్నారు?