బందరు వెళ్ళండి, కారులో మాత్రం వద్దు

అమ్మడూ,

విజయవాడ హాస్టల్లో చేరిన దగ్గర్నుంచీ నీ తిరుగుడంతా బందరు రోడ్డు మీదేగా. ఆ రోడ్డు పట్టుకుని తిన్నగా 70 కిలోమీటర్లు పోతే నిజంగానే బందరు వస్తుంది. నువ్వూ నీ స్నేహితురాళ్ళూ సంక్రాంతి లోపల ఎటైనా వెళ్ళాలనుకుంటున్నారనీ, పుదుచ్చేరి అంటే తలా అన్ని వేలు ఎక్కడ తెచ్చేదని ఆగిపోయారనీ మీ అమ్మ చెప్పింది. బందరు వెళ్ళండి. డబ్బుల్లేవు కాబట్టి దగ్గర్లో ఏదో ఒకటి చూసి సరిపెట్టుకోమని అంటున్నాననుకునేవు. నా ఉద్దేశం అది కాదు. ఆ ఊరు తీరిగ్గా నడిచేవాళ్ళకే దొరుకుతుంది. పొద్దున కారులో వచ్చి, మంగినపూడిలో అరగంట నిలబడి, లడ్డూ డబ్బా కొనుక్కుని, "ఏముందండీ అక్కడ, బురద సముద్రం!" అంటూ తిరిగిపోయినవాళ్ళు మన చుట్టాల్లోనే కావలసినంతమంది ఉన్నారు.

ముందే చెబుతున్నా, అక్కడ రాజమహలేమీ లేదు. చరిత్ర ఎంతుందో కంటికి కనబడేది అంత తక్కువ. అందుకని బయల్దేరే ముందు రెండు సాయంత్రాలు కూచుని కాస్త చదువుకోండి, దానికి పైసా ఖర్చు లేదు. గోల్కొండ సుల్తానుల కాలంలో వాళ్ళ రాజ్యానికంతటికీ పెద్ద రేవు బందరు. 1606లో డచ్చివాళ్ళు గోల్కొండ ఫర్మానా తెచ్చుకుని అక్కడ కొట్లు పెట్టారు. 1611లో ఇంగ్లీషువాళ్ళు దిగారు. అప్పటికి మద్రాసులో వాళ్ళకి జానెడు నేల లేదు, మద్రాసు వాళ్ళ చేతికొచ్చింది 1639లో. 1669లో ఫ్రెంచివాళ్ళూ వచ్చారు. 1759లో కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ళ చేతిలోంచి కోట లాక్కున్నాక ఊరు ఇంగ్లీషువాళ్ళదైంది. ఇంగ్లీషుపాలెం, వలందపాలెం, ఫరాసుపేట అనే పేటలు ఇప్పటికీ ఉన్నాయి. వలందులంటే డచ్చివాళ్ళే, ఫరాసులంటే ఫ్రెంచివాళ్ళు. ఆ పేటల మీదుగా షేర్ ఆటోలో పోతూ మూడు దేశాల పాత కాపురాలు చూశామని చెప్పుకోవచ్చు.

ఇక దారి సంగతి. మీరంతా ఆడపిల్లలు, ఆధార్‌లో అడ్రసు మన రాష్ట్రానిదే. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగులోనూ ఎక్స్‌ప్రెస్‌లోనూ మీకు టిక్కెట్టు డబ్బు అక్కర్లేదు. కార్డు మాత్రం చేతికందేలా పెట్టుకోండి, రద్దీలో కండక్టరు ఎదురుగా బ్యాగులన్నీ కుమ్మరించుకోకండి. అయినా, పోయేటప్పుడు మాత్రం గుడివాడ మీదుగా పోయే పాసింజరు రైలెక్కమంటాను. ఆ నాలుగు రూపాయలకి చూసుకోవద్దు. జనవరి నాటికి కోతలైన చేలల్లో మినుము మొలిచి ఉంటుంది, కిటికీ పక్కన కూచుంటే అదొక చూడముచ్చట. పైగా ఆ దారిలో బందరుకి ముందు పెడన తగులుతుంది. అక్కడే దిగిపోండి.

మీ రోజులో మంచి భాగం పెడనకి ఇవ్వండి. ఒకప్పుడు ఓడలు ఇంత దూరం వచ్చిందే ఈ అద్దకం బట్టల కోసం. మన తీరపు అద్దకం ఇరాన్ వెళ్ళింది, ఐరోపా వెళ్ళింది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో కోరమాండల్ తీరపు బట్టలు ఇప్పటికీ దాచిపెట్టుకున్నారు. పెడనలో ఆ పని, అదే కలంకారీ, చేసేవాళ్ళు ఇంకా ఉన్నారు. కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో బట్ట నానబెట్టి ఎండేస్తారు. తుప్పు ఇనుమూ బెల్లమూ నీళ్ళలో రోజుల తరబడి పులియబెడతారు, ఆ నీళ్ళే నలుపు. దాన్ని కసీం అంటారు. ఎరుపు రావలసిన చోట టేకు అచ్చుతో పటిక నీళ్ళు అద్దుతారు. అప్పటికి అక్కడ ఎరుపు జాడే కనబడదు. కాలవ నీళ్ళలో జాడించి, వేర్లూ ఆకులూ వేసి అండాలో మరిగిస్తే, పటిక తగిలిన చోటే ఎర్రదనం పట్టి తేలుతుంది. నువ్వు కెమిస్ట్రీ చదువుతున్నావుగా, మీ లాబ్‌లో కంటే అక్కడ బాగా అర్థమవుతుంది. పని జరుగుతున్న షెడ్డు ముందు నిలబడి, "చూడొచ్చాండీ?" అని అడగండి. అడక్కుండా ఫోన్లు పైకెత్తకండి. అద్దేవాడి చెయ్యి ఒక్కసారి జారితే బట్ట మొత్తం పోతుంది, కాబట్టి పక్కన గోల చెయ్యకండి.

కొనే విషయంలో కాస్త తెలివిగా ఉండాలి. కలంకారీ పేరుతో స్క్రీన్ మీద లాగిన రసాయనపు రంగుల బట్టలు బోలెడు అమ్ముతారు. వాటిని కొనొద్దని కాదు, కలంకారీ ధర పెట్టి కొనొద్దు. చేతి అచ్చులో ఒక అచ్చు పక్కన ఇంకో అచ్చు కలిసేచోట గీత వెంట్రుకవాసి అటో ఇటో జరిగి ఉంటుంది, ఒక పువ్వు ముదురుగా, ఇంకోటి లేతగా పడుతుంది. గజం గజానికీ అన్నీ అచ్చుగుద్దినట్టు ఒక్కలాగే ఉంటే అది చేత్తో గుద్దిన అచ్చు కాదన్నమాట. మీ దగ్గరున్న డబ్బుకి చీర రాదు, బేరమాడి తెచ్చుకున్నా అది అసలుది అవదు. ఒక మంచి జాకెట్టు ముక్క కొనుక్కోండి. మా ఇంట్లో దిండు గలీబులు అలా కొన్నవే, రంగు వెలుస్తున్న కొద్దీ అందం పెరుగుతోంది.

సాయంత్రానికి బస్సెక్కితే పెడన నుంచి బందరు ఎంతసేపు! రాత్రికి బస్టాండు చుట్టుపక్కల మామూలు లాడ్జి చాలు. డబ్బు కట్టేముందు గది చూడండి, కుళాయి తిప్పి చూడండి, తలుపు గడియ గట్టిదో కాదో చూడండి. నలుగురూ ఒకే గది తీసుకోండి. కార్తీక పౌర్ణమికీ మాఘ పౌర్ణమికీ సముద్ర స్నానాల జనం విరగబడతారు, ఆ రోజుల్లో గది దొరకడమే గగనం. ఎండాకాలం అసలు వద్దు. బందరు ఉక్కపోతకి మీ ఉత్సాహం మధ్యాహ్నానికే ఆవిరైపోతుంది.

తెల్లారి లేచి గిలకలదిండి వెళ్ళండి. పడవలొచ్చే వేళకి అక్కడుంటే రేవంటే ఏమిటో తెలుస్తుంది. చేపల వాసనకి ముక్కు మూసుకోవడం, మూతి తిప్పుకోవడం చెయ్యకండి, అది వాళ్ళ అన్నం. బందరుకోటలో మిగిలిన పాత కట్టడాలు చూసుకుని, డచ్చివాళ్ళ సమాధుల దారి అడిగి అక్కడికీ నడవండి. 17వ శతాబ్దం నాటి రాళ్ళు, వాటి మీద చెక్కిన వంశ చిహ్నాలూ అక్షరాలూ చెక్కు చెదరలేదు. గేటుకి తాళముంటే కావలివాణ్ణి వెతికి అడగండి, గోడ దూకకండి. రాళ్ళ మీద కూచుని సెల్ఫీలు వద్దు. ఎవరివైనా సమాధులు సమాధులే.

ఇంత పెద్ద రేవు ఏమైపోయిందని అడుగుతావు. ఒడ్డు దగ్గర లోతు తక్కువ, ఓడలు మైళ్ళ దూరాన లంగరేసి పడవల మీద సరుకు దించాల్సి వచ్చేది. పైన కృష్ణ తెచ్చే ఒండ్రు. 1864 నవంబరు 1 రాత్రి తుపాను ఉప్పెన ఊరి మీద పడింది. చచ్చిపోయినవాళ్ళు దాదాపు 30 వేలమందని లెక్క. వ్యాపారం తర్వాత్తర్వాత వేరే రేవులకి పోయింది. ఇప్పుడు మళ్ళీ మంగినపూడి వైపు కొత్త పోర్టు కడుతున్నారు, 2023లో పనులు మొదలయ్యాయి. సముద్రం చూడ్డానికి వెళ్ళినప్పుడు అటూ ఓ చూపు వెయ్యండి.

ఆ సముద్రం దగ్గర మాత్రం నా మాట వినాలి. మంగినపూడి నీళ్ళు లోతు లేనట్టే కనబడతాయి, నమ్మి లోపలికి పోకండి. మోకాళ్ళు దాటనివ్వద్దు. ఎర్రజెండా పాతిన చోట కాలు కూడా పెట్టొద్దు. ఈత వచ్చినవాళ్ళకే ధైర్యం ఎక్కువ, నీ గుంపులో అలాంటిదెవరో నాకు తెలుసు.

తిండికి పెద్ద హోటళ్ళు వెతక్కండి. పొద్దున కోనేరు సెంటర్లో జనం నిలబడి తింటున్న చోట పెసరట్టు తినండి, మధ్యాహ్నం మెస్‌లో భోజనం. తాగే నీళ్ళు మాత్రం సీసాల్లో పట్టుకెళ్ళండి. భోజనమయ్యాక ఎండ తగ్గేదాకా ఊళ్ళోనే తిరగండి. 1843 నాటి నోబుల్ కాలేజీ ఉంది, 1910లో పెట్టిన ఆంధ్ర జాతీయ కళాశాల ఉంది. జాతీయ జెండాకి రూపమిచ్చిన పింగళి వెంకయ్య అక్కడ పాఠాలు చెప్పినవాడే. 1902లో కృష్ణాపత్రిక ఈ ఊళ్ళోనే పుట్టింది. 1923లో పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకు మొదలుపెట్టింది ఇక్కడే. మునిగిన ఊరు మళ్ళీ లేచి జాతీయ కళాశాల, పత్రిక, బ్యాంకు పెట్టుకుంది. నన్నడిగితే డచ్చివాళ్ళ రాళ్ళకన్నా ఇదే గొప్ప. గైడు పుస్తకాలవాళ్ళు ఒప్పుకోరులే.

మీలో ఎవరికైనా గాజులూ గొలుసులూ కావాలంటే చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ ఉంది. పక్కనే పాండురంగడి గుడి, దణ్ణం పెట్టుకుని రండి. మరో పూట మిగిలితే చల్లపల్లి మీదుగా ఘంటసాల పోయి బౌద్ధ స్తూపం చూడొచ్చు. మిగలకపోతే పరిగెత్తొద్దు, ఇంకోసారి వెళ్ళొచ్చు.

లడ్డూ ఆఖర్న కొనండి, లేకపోతే రోజంతా మొయ్యాలి. శనగపిండి కారప్పూస వండి, రోట్లో దంచి, జల్లించి, బెల్లం పాకంలో కలిపి మళ్ళీ దంచుతారు గనక దాన్ని తొక్కుడు లడ్డూ అంటారు. బస్టాండు ఎదురుగా కనబడిన మొదటి కొట్లో కొనెయ్యకండి. ఊళ్ళో తయారుచేసే చోటికి పోయి, ఒకటి రుచి చూసి, నెయ్యి వాసన వస్తేనే పావుకిలో తూయించుకోండి. నల్ల హల్వా కూడా అడుగు, గోధుమపాలతో చేస్తారు. దాన్ని కాగితంలో కట్టించుకోకు, నెయ్యి కారి నీ కొత్త జాకెట్టు ముక్కకి అంటుతుంది. మీ అమ్మకి లడ్డూ ఇష్టం, నాకు హల్వా. చీకటి పడకముందే బస్సెక్కి, సీట్లో కూచున్నాక ఒక ఫోన్ కొట్టు.

మావయ్య