అమ్మ గేటు దగ్గరే ఉంది

శుక్రాచార్యులవారు బలిచక్రవర్తికి చేసిన ఉపదేశం గుర్తుంది కదూ? పోతనగారి భాగవతం అష్టమస్కంధంలో, ఏయే సందర్భాల్లో బొంకితే పాపం అంటదో ఆయన ఒక జాబితా చదువుతాడు. ఆడవాళ్ళ దగ్గర, పెళ్ళి మాటల్లో, ప్రాణానికో డబ్బుకో మానానికో ముప్పు వచ్చినప్పుడు... ఇలా సాగుతుంది. మా తెలుగు మాస్టారు ఆ పద్యం చెప్పి, "మొదటి రెండూ చాలర్రా, సంసారం గడిచిపోతుంది" అని తనే నవ్వుకునేవారు. ఈమధ్య ఆ పద్యం వెతుక్కుని మళ్ళీ చదివాను. మూడేళ్ళ పిల్లల ఊసు అందులో ఎక్కడా లేదు.

నాకెందుకు ఆ అవసరం అంటారేమో. నేను కోనసీమలో ఓ చిన్న ఊళ్ళో ప్లేస్కూలు పంతులమ్మని. ఇరవైరెండుమంది పిల్లలు. అందరిలో పెద్దవాడికి నాలుగేళ్ళు నిండలేదు, అందరిలో చిన్నదానికి ఇంకా "ర" పలకదు. "పిల్లల్తో ఆడుకోవడానికి జీతం కూడానా!" అంటుంది మా పిన్ని. ఆటే, కాదనను. ఆ జీతం ఎంతో మా పిన్నికి తెలిస్తే "ఆటకి పరవాలేదు" అని ఉండేది. సాయంత్రానికి నా చున్నీ చూస్తే చాలు, ఆరోజు ఎన్ని ముక్కులు కారాయో చెప్పొచ్చు. ఒకరోజు ఓ పిల్ల తను సగం కొరికిన జామకాయ తెచ్చి నా నోట్లో పెట్టి, నేను నమిలి మింగేదాకా కదలదు, ఆరోజు మహారాణిని. మర్నాడు అదే పిల్ల నా చెయ్యి పంటిగాట్లు పడేలా కొరుకుతుంది. ఎందుకే అంటే, "ఊరికే" అంటుంది. ఆ జవాబు మీద ఇంకో ప్రశ్న వెయ్యడానికి ఉండదు.

ఈ ఉద్యోగంలో చేరాక నేను కనిపెట్టిన సంగతి ఒకటుంది. పొద్దున్న తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా మా బడిలో ఆడినన్ని అబద్ధాలు కోర్టులో కూడా ఆడరు. అవి ఆడేది పిల్లలు కాదు సుమండీ. "నిన్న మా ఇంటికి ఏనుగొచ్చింది, పెరుగన్నం తింది" అని ఓ బుడుగు చెబితే అది అబద్ధం కాదు. వాడు ఎవర్నీ మోసం చెయ్యబోవడం లేదు, ఏనుగుతోపాటు మనల్నీ భోజనానికి కూర్చోబెడుతున్నాడంతే. అసలు అబద్ధాలు పెద్దవాళ్ళవి. అల్లరి చేస్తే పోలీసొస్తాడు. అన్నం తినకపోతే డాక్టరు సూదేస్తాడు. ఈ దెబ్బకి పిల్లలకి జ్వరం వచ్చిననాడు డాక్టర్నీ, తప్పిపోయిననాడు పోలీసునీ చూస్తే గుండె జారిపోతుంది, అది వేరే సంగతి. వీటన్నిటికీ పట్టపురాణి లాంటి అబద్ధం ఇంకోటుంది: "అమ్మ గేటు దగ్గరే ఉంది."

జూన్ నెలలో బడి తెరిచిన మొదటి వారం ఒక్కసారి వచ్చి చూడండి. ఒకరు మొదలెడితే రెండోవారు శ్రుతి కలుపుతారు, మూడోవారు తాళం. మా ఆయమ్మ ఒకర్ని చంకనెత్తుకుని, ఇంకొకర్ని చీర కుచ్చెళ్ళకి తగిలించుకుని తిరుగుతూ, "ఏడవకమ్మా, అమ్మ గేటు దగ్గరే కూచుందమ్మా, కదల్లేదమ్మా" అంటూ ఉంటుంది. ఏడుపు ఆగుతుంది. నిజం చెప్పొద్దూ, ఆ మాటకున్న బలం చూస్తే ముచ్చటేస్తుంది. కాని గేటు దగ్గర ఉండేది ఓ గేదె. అమ్మ అప్పటికి ఆఫీసులో సంతకం పెట్టేసి ఉంటుంది.

కొందరు తల్లులైతే ఇంకా నేర్పరులు. మా వరండా గోడమీద ఓ చిలక బొమ్మ ఉంది. "అదుగో చిలక, ఎంత బావుందో చూడు!" అని పిల్ల మొహం అటు తిప్పి, ఇటునుంచి ఇటే మాయమైపోతారు. వాళ్ళని తప్పుపట్టబుద్ధి కాదు. ఏడుస్తున్న బిడ్డని వదిలి వీపు తిప్పి నడవడం ఎంత కష్టమో ఆ వీపుల్ని రోజూ చూసేదాన్ని, నాకు తెలుసు. అయితే చిలక చూపించిన మూడోరోజున ఓ పాప ఏం చేసిందో చెబుతాను. అమ్మ చంక దిగగానే తిన్నగా గోడ దగ్గరికెళ్ళి, చిలకని చెంపమీద టపీమని ఒక్కటిచ్చింది. అందరం నవ్వాం. తర్వాత ఆలోచిస్తే నవ్వు రాలేదు. అమ్మ అబద్ధం ఆడిందనుకోవడానికి ఆ వయసుకి మనసొప్పదు, అందుకని నేరం చిలక మీద పడింది.

ఏడుపు ఆగింది కదా, ఇంకేం కావాలి అంటారు చాలామంది. దీనికి జవాబు నాకు శిక్షణలో విన్న ఓ సినిమా కథలో దొరికింది. లండన్లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన 1952లో, ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్న ఓ రెండేళ్ళ పాపని సినిమా తీశాడు. ఆ రోజుల్లో అక్కడి ఆసుపత్రుల్లో తల్లుల్ని పిల్లల దగ్గర ఉండనిచ్చేవారు కాదు. తల్లి వచ్చి వెళితే పిల్లలు ఏడుస్తారు, రాకపోతే నెమ్మదిగా ఉంటారు, కాబట్టి రాకపోవడమే మేలని లెక్క. ఆ సినిమాలో పాప పెద్దగా గోల చెయ్యదు. ఆ ఊరుకోవడం ఊరట కాదనీ, ఆశ వదులుకోవడమనీ రాబర్ట్‌సన్ వాదించాడు. డాక్టర్లు మొదట మండిపడ్డారు. 1959 నాటికి అక్కడి ప్రభుత్వ సంఘమే తల్లిదండ్రుల్ని ధారాళంగా రానివ్వమని సిఫారసు చేసింది. ఇది తెలిసినప్పట్నుంచీ, ఏడుపు ఆగినంత మాత్రాన పిల్ల సర్దుకుందని నేను అనుకోవడం లేదు.

అందుకని నా తరగతిలో నేను గేటు మాట అనను. "అమ్మ ఆఫీసుకెళ్ళిందమ్మా. మనం ఆడుకుని, అన్నాలు తిని, పడుకుని లేచి, రైలుబండి పాట పాడుకుంటాం. అప్పుడొస్తుంది" అంటాను. మూడుగంటలంటే వాళ్ళకి తెలీదు గాని, పడకా పాటా తెలుసు. దీంతో ఏడుపు తొందరగా ఆగుతుందనుకోకండి. ఆయమ్మ మాటకి రెండు నిమిషాల్లో ఆగేది, నా మాటకి ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ ఇరవై నిమిషాలూ ఆయమ్మ నాకేసి చూసే చూపులో, "మీకింకా పెళ్ళి కాలేదు గదండీ, పిల్లలు లేరు గదండీ" అన్నీ ఉంటాయి. ఆవిడ ముగ్గుర్ని కని పెంచింది, నేనేమో రెండు పుస్తకాలు చదివాను. ఎవరి త్రాసు బరువో నేనెలా చెప్పను?

కాంట్ అని ఓ జర్మన్ తత్వవేత్త ఉండేవాడు. చంపడానికి తరుముతూ వచ్చినవాడు, నీ స్నేహితుడు ఇంట్లో దాక్కున్నాడా అని గుమ్మంలో నిలబడి అడిగినా సరే అబద్ధం ఆడరాదని 1797లో ఓ వ్యాసమే రాశాడు. మన హరిశ్చంద్రుడికి అన్నగారన్నమాట. అంత నిష్ఠ నావల్ల కాదు. ఆ స్నేహితుణ్ణి దాచడానికి నేనైతే గడగడా నాలుగు అబద్ధాలు చెప్పేస్తాను. శుక్రాచార్యుడి పద్యం ఉండనే ఉంది. కాని ఆ అబద్ధం చెప్పేది హంతకుడికి. మూడేళ్ళ పిల్ల ఏ నేరం చేసింది? నన్ను నమ్మడం తప్ప? ఎదుటివాళ్ళు నమ్మకపోతే అబద్ధానికి విలువే లేదు. పూర్తిగా, ఏ అనుమానమూ లేకుండా నమ్మేవాళ్ళ దగ్గర అది అతి సులువుగా పనిచేస్తుంది. ఆ సులువే నన్ను భయపెడుతుంది.

అలాగని నిజం చెప్పడం నాచేతిలో ఉన్న పనేమీ కాదు. ఓ తల్లికి గోదావరి అవతల ఉద్యోగం. ఆగస్టులో ఓరోజు వరద పోటెక్కి పంటు ఆపేశారు. రైలుబండి పాట అయింది. రెండోసారి పాడాం. నాలుగోసారికి ఆ పిల్లవాడు పాడటం మానేసి నా మొహంకేసి చూస్తున్నాడు. నేను చెప్పింది అబద్ధం కాదు. అయినా వాడికి జరిగింది మాత్రం ఆయమ్మ మాట వింటే జరిగేదే. దీపాలు పెట్టే వేళకి ఆ తల్లి వంతెన మీదుగా చుట్టు తిరిగి ఏడుస్తూ వచ్చింది. ఆరోజు నుంచి నేను "అమ్మ వస్తుంది" అనడం మానేసి, "అమ్మ వస్తానంది" అంటున్నాను. మూడేళ్ళవాడికి ఆ తేడా తెలుస్తుందా అని ఆయమ్మ అడిగింది. తెలియదేమో, నాకు తెలుస్తుంది కదా.

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు చిక్కు కిందటేడు దసరా తర్వాత వచ్చింది.

మా ప్రాంతంలో ఆడవాళ్ళు ఇళ్ళల్లో పనికి కువైట్, మస్కట్ వెళ్ళడం మామూలు. పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతారు. రెండేళ్ళకో మూడేళ్ళకో అమ్మ పెద్ద పెట్టెతో వస్తుంది, ఓ నెల ఉంటుంది, మళ్ళీ వెళ్ళిపోతుంది. నా తరగతిలోనే అలాంటి పిల్లలు ముగ్గురున్నారు. దసరా సెలవలయ్యాక ఓ కొత్త పిల్లవాణ్ణి అమ్మమ్మ తెచ్చి చేర్పించింది. వాణ్ణి లోపలికి పంపి, నన్ను వరండాలోకి పిలిచి, "ఆళ్ళమ్మ పోయిందండి. శ్రావణంలో. ఈడికి కువైట్ ఎల్లిందని చెప్పామండి. మీరూ అదే చెప్పాలండి, ఆయ్" అంది.

అంతకంటే నమ్మదగిన అబద్ధం ఆ వీధిలో ఇంకేముంటుంది! అందరి అమ్మలూ అక్కడే కదా. కాని అదే దాని ప్రమాదం కూడా. సంక్రాంతికి ఓ పిల్ల అమ్మ నిజంగానే కువైట్ నుంచి దిగింది, పెట్టెతో సహా. బడిలో అందరికీ చాక్లెట్లు పంచింది. ఈ పిల్లవాడు చాక్లెట్టు విప్పకుండా అలాగే పట్టుకుని నా దగ్గరికొచ్చి, "టీచర్, మా అమ్మకి ఇమానం ఇవ్వలేదా?" అని అడిగాడు.

ఏం చెప్పమంటారు? నిజం చెప్పే హక్కు నాకు లేదు. తల్లి చావు ఓ బిడ్డకి మొదట చెప్పాల్సింది బడిపంతులమ్మ కాదు. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "నాకిది అమ్మమ్మతో కలిసి మాట్లాడాల్సిన మాట, నాన్నా. సాయంత్రం మాట్లాడతాను" అన్నాను. వాడు తలూపి వెళ్ళి చాక్లెట్టు విప్పుకున్నాడు. అబద్ధం ఆడకపోవడానికీ, నిజం బైటపెట్టడానికీ మధ్య ఓ అడుగు చోటుంది. ఆరోజు నేను నిలబడింది అక్కడే, ఒంటికాలి మీద.

సాయంత్రం ఆవిడకి వాడడిగింది చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆడు అమ్మెప్పుడొత్తాదని అడుగుతుంటే, నాకూ అది ఎక్కడో ఉన్నట్టే ఉంటాదండి" అంది. ఇంతకాలం ఆ అబద్ధం పిల్లవాడి కోసమనే అనుకున్నాను. ఆ ముసలావిడ కూతురు కూడా ఆ కువైట్లోనే బతుకుతోందని నాకు తట్టనే లేదు. ఇక మీద వాదించడానికి నా దగ్గర పుస్తకమేదీ లేకపోయింది. "వాడు పెద్దయ్యాక అమ్మ నన్నొదిలేసి వెళ్ళిపోయిందనుకుంటే?" అని మాత్రం అన్నాను. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.

వాళ్ళ నాన్న లారీ మీద వెళతాడు. ఆయన ఊళ్ళోకి వచ్చాక, ఫిబ్రవరిలో, ఇద్దరూ కూర్చోబెట్టుకుని వాడికి చెప్పారట. మర్నాడు బడికొచ్చాడు. రంగులు వేసుకుంటూ పక్కపిల్లతో, "మా అమ్మ చచ్చిపోయింది. కువైట్లో లేదు" అన్నాడు. ఆ పిల్ల "ఊఁ" అంది. "నీలం ఇయ్యి" అన్నాడు వీడు.

అయిపోయిందని నేననుకోలేదు. మరియా నాజ్ అని హంగేరీ ఆవిడ, చావు గురించి పిల్లలు ఏమనుకుంటారో అడిగి తెలుసుకుని 1948లో రాసింది. అయిదేళ్ళ లోపు పిల్లలకి చావంటే ఓ ప్రయాణం లాంటిదేనట, వెళ్ళినవాళ్ళు తిరిగి రావచ్చునట. అంటే, మేమంతా ఇంత తర్జనభర్జన పడి చెప్పించిన నిజం వాడి బుర్రలోకి వెళ్ళి మళ్ళీ కువైట్ లాంటిదేదో అయి కూర్చుంటుంది. ఆయమ్మకీ సంగతి చెబితే, "మరెందుకండీ ముసలమ్మని అంతలా ఏడిపించారు?" అంది. సూటిగా అడిగింది. నాకు తోచిన జవాబు ఒక్కటే: వాడు ఇంక ఎన్నిసార్లు ఎవర్నడిగినా, ఇంట్లోనూ బడిలోనూ అదే మాట వినిపిస్తుంది. అర్థమయ్యే వయసు వచ్చిననాడు, మనం అన్న మాటలన్నీ వెనక్కి తీసుకోనక్కర్లేదు. ఆయమ్మ ఒప్పుకోలేదు. "అప్పటిదాకా ఆడి మనసులో అమ్మ ఉంటే ఎవరి సొమ్మేం పోయిందండీ?" అంటూ పాలగ్లాసులు కడగడానికి వెళ్ళిపోయింది. నేను అంతకుమించి చెప్పలేకపోయాను.

కిందటి మంగళవారం అన్నాల దగ్గర వాడే అడిగాడు. "టీచర్, చచ్చిపోయినోళ్ళు ఎప్పుడొత్తారు?"

"రారు నాన్నా."

"రైలుబండి పాట అయ్యాక?"

"అయినా రారు."

కాసేపు ఆలోచించి, నోరు తెరిచాడు. ముద్ద పెట్టాను. గురువారం మళ్ళీ అడిగాడు.