చెడ్డ రోజు ఎవరిది?

ఇంగ్లీషు మీడియంలో చదివే మీ పిల్లలకు 'డిస్మల్' అనే మాట తెలిసే ఉంటుంది. ముసురు పట్టి వెలుతురు లేని రోజును, దిగులు పుట్టించే ఇంటిని, ఆశ కనిపించని ఫలితాలను ఆ మాటతో చెబుతారు. 1849లో థామస్ కార్లైల్ ఆర్థికశాస్త్రాన్నే డిస్మల్ శాస్త్రమని ఎద్దేవా చేశాడు.

కాని ఈ మాట మొదట చెప్పింది దిగులును కాదు, తేదీని. లతీనులో 'దియేస్ మాలి' అంటే చెడ్డ దినాలు. అదే పాత ఫ్రెంచి మీదుగా 'డిస్మల్' అయి ఇంగ్లీషులోకి వచ్చింది. మధ్యయుగపు యూరపు క్యాలెండర్లలో నెలకు రెండు చొప్పున ఏడాదికి 24 రోజులను అశుభమని గుర్తు పెట్టేవారు. వాటికి ఐగుప్తు దినాలని మరో పేరు. ఆ రోజుల్లో ప్రయాణం కట్టకూడదు, వైద్యుడు రక్తం తీయకూడదు. విచిత్రమేమంటే, పునీతుల పండుగలు వ్రాసిన క్యాలెండర్లలోనే ఈ గుర్తులూ ఉండేవి!

నవ్వుకునే ముందు మన ఇళ్లు చూసుకుందాం. పెండ్లి తేదీ కోసం పంచాంగం తిరగేసే కతోలిక కుటుంబాలు మన విచారణల్లో లేవా? ఫాదర్ గారి దగ్గరికి వచ్చేటప్పటికే రాహుకాలం తప్పించిన టైము జేబులో ఉంటుంది. "పెద్దల మాట కాదనలేక" అంటారు. ఇది చిన్న విషయమని నేననుకోను. రోజులో చెడు ఉందని ఒప్పుకున్నాక, ఆ చెడును ఎవరో ఒకరి నెత్తిన వేయక మానరు. కొత్త కోడలు వచ్చిన నెలలోనే మామగారు మంచం పట్టారనుకోండి. "ఆ పిల్ల అడుగుపెట్టిన వేళ!" అంటారు. బీపీ మాత్రలు మానేసింది మామగారు, మాట పడేది కోడలు. అమావాస్య నాడు పుట్టిన బిడ్డ గతీ అంతే.

రోజులూ నెలలూ పాటిస్తున్నారని పునీత పౌలు గారు గలతీయులను మందలించారు (4:10). ఆ లేఖను వివరిస్తూ పునీత అగస్తీను గారు, ఐగుప్తు దినాల పట్టింపు క్రైస్తవుల్లోనే ఉందని ఎత్తిచూపారు. మరి ఎఫెసీయులకు వ్రాసిన లేఖలో (5:16) పౌలు గారే దినాలు చెడ్డవన్నారు కదా అని మీరడగవచ్చు. నిజమే. లతీను బైబిలులో అక్కడున్నవి సరిగ్గా ఆ రెండు మాటలే. కాని రోజులు చెడ్డవి కనుక ఇంట్లో కూర్చోండని ఆయన అనలేదు, దొరికిన సమయాన్ని పోనివ్వవద్దన్నారు. ఆయన చూసిన చెడు తేదీలో లేదు, మనుషుల నడతలో ఉంది.

ఈసారి ఏ ఇంట్లోనైనా కోడలిని ఆ మాట అంటుంటే మీ చెవిన పడితే, మామగారు మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగి చూడండి.