కూర్మానికి బాకీ

మాఘ పౌర్ణమికి హంసలదీవిలో సముద్రస్నానం చేయడం మా అత్తగారి కాలం నుంచీ మా ఇంటి ఆనవాయితీ. కృష్ణమ్మ కడలిలో కలిసే చోటు అది. నూజివీడు దగ్గరున్న మా మామిడి తోటకు వంద కిలోమీటర్ల పైమాటే. పోయిన ఏడాది మా మనవణ్ణి వెంట తీసుకెళ్లాను. స్నానాలయ్యాక వేణుగోపాలస్వామి గుడికి బయలుదేరుతుంటే, ఒడ్డున ఒక తాబేలు చచ్చిపడి ఉంది. డిప్ప మీద ఇసుక, కళ్ల చుట్టూ ఈగలు. తొమ్మిదేళ్ల పిల్లాడు అక్కడే నిలబడిపోయాడు.

"అమ్మమ్మా, కొండను మోసిన దేవుడు ఈయనే కదా? మరి ఈయన్ని ఎవరూ కాపాడలేదేం?"

ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పినదాన్ని. క్షీరసాగర మథనం ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. చెప్పిన ప్రతిసారీ అమృతం దగ్గరికి పరుగెత్తాను. మందర పర్వతం కింద వీపు ఒగ్గిన కూర్మాన్ని ఒక్క వాక్యంలో దాటేశాను. అందుకే ఆ రోజు వాడికి జవాబు చెప్పలేకపోయాను.

దేవుడికి మన రక్షణ దేనికని అడిగేవాళ్లున్నారు. అవతారమంటే దిగి రావడం. తాబేలై దిగినవాడు తాబేలు కష్టాన్ని కూడా ఒప్పుకునే దిగాడు. చిలికింది దేవదానవులు, తాగింది దేవతలు, బరువు మోసింది కూర్మం. ఆ బాకీ ఇంకా తీరలేదని నా నమ్మకం. గృహస్థు నిత్యం చేయాలని పెద్దలు చెప్పిన అయిదు యజ్ఞాల్లో భూతయజ్ఞం ఒకటి. మనం తినేముందు తక్కిన ప్రాణులకు తీసిపెట్టే ముద్ద అది. దాన్ని పెట్టినవాడు దాత కాడు, వాటా ఇచ్చినవాడు మాత్రమే. పిల్లలకు ముందు నేర్పవలసింది ఇదే.

ఆ మథనంలో హాలాహలం పుడితే శివుడు గొంతులో నిలుపుకున్నాడు. మనమూ సముద్రాన్ని చిలుకుతూనే ఉన్నాం. జెల్లీచేప అనుకుని ప్లాస్టిక్ సంచి మింగే తాబేలు గొంతులో ఇప్పుడా విషం నిలుస్తోంది. గాలి కోసం పైకి రావలసిన ప్రాణి మరపడవల వలల్లో చిక్కుకుంటే ఊపిరాడక పోతుంది.

ఆ రోజు ఒడ్డున మేం చూసిన రకం తాబేళ్ల పేరు ఆలివ్ రిడ్లీ. మన మామిడి పూత మీదున్న రోజుల్లోనే ఒడ్డుకొస్తాయి. తాము పుట్టిన తీరానికే, పురిటికి పుట్టింటికొచ్చే ఆడపిల్లల్లా వస్తాయి. ఒక్కో తల్లి ఇసుకలో గుంట తవ్వి వంద దాకా గుడ్లు పెడుతుంది. 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటపడి నీళ్లవైపు పాకుతాయి. అప్పటికి మా చిన్న రసాల చెట్ల మీద పిందె కాయగా మారుతుంటుంది. పూగుత్తిలో వందల పూలున్నా నిలిచేది ఒకటో రెండో కాయలు. తాబేలు పిల్లల్లోనూ పెద్దయ్యేవి బహు కొద్ది. రాలేది ఎలాగూ రాలుతుందని ఏ రైతూ పూత దులపడు. మామిడి తోటల్లో పెరిగే పిల్లలకు ఈ ఒక్క పోలిక చాలు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ తాబేళ్లను మొదటి షెడ్యూలులో చేర్చింది. అటవీ శాఖవారు కృష్ణా తీరంలో గుడ్లు సేకరించి, కాపలా కాసి, పిల్లల్ని సముద్రంలో వదులుతున్నారు. వాళ్ల పని వాళ్లు చేస్తున్నారు. సముద్రం కనిపించని ఊళ్లో ఉన్న నా పనేమిటి?

పౌర్ణమి వెళ్లిన రెండు వారాలకు శివరాత్రి. బలివే రామలింగేశ్వరుడి తిరునాళ్లకు వెళ్లి, తమ్మిలేరు ఒడ్డున మనవణ్ణి కూర్చోబెట్టాను. ఈ ఏరు ఏలూరు మీదుగా కొల్లేరులో కలుస్తుంది. కొల్లేటి నీళ్లు ఉప్పుటేరులో పడి బంగాళాఖాతం చేరతాయి. మా తోట పక్క వాగు ఈ ఏటిలోకే వస్తుంది. తేనెమంచు పురుగుకు మందు కొట్టించాక ట్యాంకు కడిగించింది ఆ వాగులోనే. ఖాళీ డబ్బాలు పారేయించింది ఆ గట్టు మీదే. అదంతా వాడికి చెప్పాను. "ఎవరూ కాపాడలేదేం అన్నావు కదా నాన్నా, కాపాడనివాళ్లలో నేనూ ఉన్నాను" అన్నాను.

ఈ ఏడు ట్యాంకు కడిగిన నీళ్లను మళ్లీ చెట్ల మీదే కొట్టించాను. డబ్బా ఒక్కటీ గట్టు మీద పడలేదు. లెక్క పెట్టింది మనవడే.

కూర్మావతారం చెప్పే తాతలకూ అమ్మమ్మలకూ ఒక మనవి. అమృతం దాకా పరుగెత్తకండి, ఆ వీపు దగ్గర కాసేపు ఆగండి. కథ అయ్యాక పిల్లల్ని మీ ఊరి వాగు దగ్గరికి తీసుకెళ్లి, అది ఎక్కడెక్కడ తిరిగి ఏ సముద్రంలో కలుస్తుందో చెప్పండి.